గడ్డివామి వెనక రెండంకణాలు

2024 మే 18, శనివారం. కాజిల్‌బార్ నుంచి డూలఫ్ లోయకు. ఉదయం తొమ్మిదీ నలభైకి బయలుదేరాం. మొదట చినుకులు, తర్వాత ఎండ.

వచ్చినవారు: నేను. మా అమ్మాయి, ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరు, కారు తనే నడిపింది. మనవరాలు, పన్నెండేళ్ళు. మా వియ్యపురాలు, అంటే అమ్మాయి అత్తగారు. రానివారు: అల్లుడు, డ్యూటీ ఉంది. మా ఆవిడ, వంకర రోడ్లలో వెనక సీట్లో కూర్చుంటే కడుపులో తిప్పుతుందని.

ఆనాటి డైరీ ఇలా మొదలవుతుంది. నా చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉన్నదన్న సంగతి మాత్రం అందులో రాయలేదు. ఆ కాగితం వియ్యపురాలికి చదివి వినిపించాలా వద్దా అన్నది అప్పటికి పది రోజులుగా తేల్చుకోలేకపోతున్నాను.

నేను సర్వే శాఖలో ముప్ఫై అయిదేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఇరవయ్యో ఏట మొదలుపెట్టిన డైరీ ఇప్పటికీ మానలేదు. మార్చి ఆఖరున ఇక్కడికి వచ్చేటప్పుడు పాత డైరీలు పదకొండు సూట్‌కేసులో వేసుకొచ్చాను. ఇక్కడ బయట తిరగడానికి వీలయ్యే రోజులు తక్కువ. ఇంట్లో కూర్చుని వాటిని కంప్యూటర్లోకి ఎక్కించాలని నా ఆలోచన. ఏప్రిల్ నెలాఖరుకు 1976 దగ్గరికి వచ్చాను.

ఆ ఏడాది నాకు ఇరవై మూడేళ్ళు. కృష్ణ మీద ఆనకట్ట లేస్తోంది. దాని వెనక నీళ్ళు నిలిచాక మునిగిపోయే ఊళ్ళలో నష్టపరిహారం లెక్క కోసం ఇల్లిల్లూ కొలిచి రిజిస్టరులో ఎక్కించే సర్వే పార్టీలో నేను అందరికన్నా చిన్నవాణ్ణి. ఆ ప్రాంతంలోవి మట్టి మిద్దెలు. వాటిని అంకణాల్లో లెక్క చెబుతారు. దూలానికీ దూలానికీ మధ్య ఉండే జాగా ఒక అంకణం. లోపలికి వెళ్ళి టేపు పట్టి కొలవాలి. ఎవరైనా లోపలికి రానివ్వకపోతే మా పార్టీలో ఒక అలవాటు ఉండేది. గోడ బయటికి పొడుచుకొచ్చిన దూలాల మొనలు లెక్కపెట్టి, దాన్నిబట్టి అంకణాలు వేసేవాళ్ళం. అలా వేసిన ఇంటికి మళ్ళీ వచ్చి కొలవాలని నియమం. మళ్ళీ వెళ్ళినవాళ్ళు తక్కువ.

కాగితం మీద నేను ఎత్తి రాసుకున్నది ఇది: "సాయంత్రం అయిదు. నలభై ఒకటో ఇల్లు. ముసలామె గడప మీద కూర్చుంది. టేపు చూసి లేవనంది. మొనలు చూసి ఏడంకణాలు వేశాను. దక్షిణపు గోడ సగం గడ్డివామి చాటున ఉంది. కొలవలేదు. ఇంటి పెద్ద సంతకు పోతే తమ్ముడు సంతకం పెట్టాడు."

రిజిస్టరులో "ఏడు" అన్న అంకె ఒక్కటే వెళ్ళింది. కొలవలేదన్న మాట నా డైరీలోనే ఉండిపోయింది.

ఇది టైపు చేసిన వారానికి వియ్యపురాలు వచ్చారు. ఒక మధ్యాహ్నం ఇద్దరం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే తన చిన్ననాటి సంగతులు చెబుతున్నారు. వాళ్ళ ఊరు నీళ్ళలో పోయిందని నాకు అమ్మాయి పెళ్ళిచూపులప్పుడే తెలుసు. కానీ వాళ్ళు ఎప్పుడూ కొత్త ఊరి పేరే చెప్పేవారు. పాత ఊరి పేరు ఆ రోజే విన్నాను. తర్వాత వాళ్ళ జేజి, అంటే నాయనమ్మ, టేపు పట్టుకొచ్చినవాళ్ళను గడప తొక్కనివ్వలేదన్నారు. తర్వాత తొమ్మిదంకణాల ఇల్లు ఏడుగా ఎక్కిందన్నారు. "మా నాయన సంతకు పోయిండె. చిన్నాయన నిలబడి తగ్గించి చెప్పి సంతకం పెట్టినాడు. భాగాలప్పుడు పడిన పగ" అన్నారు. అన్నదమ్ములకు అప్పుడు పోయిన మాట మళ్ళీ కలవలేదు. తండ్రి పోయారు. చిన్నాన్నగారు శవం వెనక దూరంగా నడిచి వెళ్ళిపోయారట. కొడుకు పెళ్ళికి కూడా ఈవిడ ఆయన్ని పిలవలేదు. ఇప్పుడు ఆయనకు ఎనభై దాటాయి, కర్నూలులో మనవడి దగ్గర ఉంటున్నారు.

చిక్కుడుకాయలు నా చేతిలోనే ఉండిపోయాయి.

ఆ సాయంత్రం మా ఆవిడతో చెప్పాను. ఆవిడ ప్రెస్‌లో గిన్నెలు సర్దుతోంది. ఇక్కడికొచ్చాక అలమరను ప్రెస్ అనడం ఆవిడకూ అలవాటైంది.

"నలభై ఎనిమిదేళ్ళు మీ పుస్తకంలో పడి ఉన్న మాట, ఇంకో నాలుగేళ్ళు పడి ఉంటే ఏం పోయె?"

"ఆ పెద్దాయన అంతకాలం ఉండొద్దూ?"

"మన పిల్ల ఆ ఇంటి కోడలు. ఆవిడ మనసు విరిగితే మాట పడేది మీరు కాదు, అది." కాసేపాగి మళ్ళీ తనే అంది, "చెబితే నాలుగ్గోడల మధ్య చెప్పకండి. ఇల్లు చిన్నది."

అందుకే కాగితం జేబులో పెట్టుకుని కారెక్కాను.

లోయకు వెళ్ళాలన్నది మనవరాలి కోరిక. బళ్ళో వాళ్ళకు నూట డెబ్భై అయిదేళ్ళ కిందట ఈ దేశంలో బంగాళాదుంప పంట పోయి వచ్చిన కరువు గురించి పాఠం జరుగుతోంది. అమెరికాలో సొంత నేల నుంచి వెళ్ళగొట్టిన ఆదివాసీలు, తాము కుదురుకోకముందే, సముద్రం ఇవతల ఆకలితో చస్తున్న ఈ దేశానికి చందా పోగుచేసి పంపారట. వాళ్ళ వారసులు ఈ లోయకు వచ్చి ఇక్కడివాళ్ళతో కలిసి నడిచి వెళ్ళారట. నేను లైబ్రరీకి వెళ్ళి చదివి, అమెరికాలో వాళ్ళ పాత ఊళ్ళను కొన్నింటిని చెక్కు చెదరకుండా కాపాడుతున్న సంగతి నోట్సు కూడా రాసుకున్నాను. కార్లో ఆ నోట్సు చదివి వినిపించాను. మనవరాలు సగంలోనే ఆపింది. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులోనే, అదీ ఇక్కడి యాసలో. ఆ మాటలు నేను తెలుగులో రాస్తున్నాను.

"తాతయ్యా, మీరు చెరోకీల గురించి చదివారు. చందా పంపింది చాక్టాలు. చెరోకీలు వాళ్ళ పక్కవాళ్ళు. వాళ్ళనూ అలాగే వందల మైళ్ళు నడిపించారు."

నేను పెన్ను తీసి "చెరోకీ" మీద ఒక గీత గీసి పక్కన "చాక్టా" అని రాశాను. డైరీలో గానీ నోట్సులో గానీ నేను చెరపను. తప్పు కనపడాలి, దిద్దిందీ కనపడాలి. మా శాఖలో మొదట నేర్పినది అదే.

"అన్నయ్యగారూ, రాసుకోండి రాసుకోండి," అన్నారు వియ్యపురాలు. "గొర్రె అడ్డమొచ్చె, కారు నిలిచె, వియ్యపురాలు ఆవులించె, అన్నీ రాసుకోండి."

"ఆవులింత రాయలేదు చెల్లెమ్మా. గొర్రెలు మాత్రం ఇప్పటికి మూడుసార్లు."

"ఆ గొర్రెలకు నీలం రంగు ఎందుకు పూసినారు?"

"ఎవరివి ఎవరివో తెలియడానికి."

"గొర్రెలకైతే బాగనే లెక్క పెట్టుకుంటారు," అన్నారావిడ. అమ్మాయి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

లూయిస్‌బర్గ్ దాటాక ఇళ్ళు పలచబడ్డాయి. తర్వాత చెట్లూ పోయాయి. రెండు వైపులా కొండలు, మధ్యలో పొడుగ్గా చెరువు. డూలఫ్ అంటే నల్ల చెరువు అని మనవరాలు చెప్పింది. "అట్లయితే మా పక్కదే. నల్లచెరువు లేని తాలూకా యాడుంది?" అన్నారు వియ్యపురాలు. పదీ యాభై అయిదుకి రోడ్డు పక్కన కారు ఆపాం. అక్కడ ఒక రాతి శిలువ ఉంది. పెద్దదేం కాదు, పనితనమూ లేదు. దాని కింద ఎవరో పెట్టిపోయిన చిన్న గులకరాళ్ళు. అంతే. టిక్కెట్టు లేదు, కంచె లేదు, గైడు లేడు.

మనవరాలు రాయి పక్కన నిలబడి పాఠం అప్పచెప్పినట్టు చెప్పింది. కరువు రోజుల్లో వందలమంది సాయం కోసం లూయిస్‌బర్గ్ చేరారు. లిస్టులో పేరు ఉంచాలంటే అధికారులు మనిషిని కళ్ళారా చూడాలన్నారు. మర్నాడు పొద్దున ఫలానా బంగళా దగ్గర కనపడమన్నారు. ఆ బంగళా ఈ లోయకు అవతలి కొసన ఉంది. చలిలో, చాలామంది కాళ్ళకు ఏమీ లేకుండా, నడిచి వెళ్ళారు. వెళ్ళేసరికి అధికారులు భోజనం దగ్గర ఉన్నారు. ఆగమన్నారు. తర్వాత ఏమీ ఇవ్వకుండా తిప్పి పంపారు. తిరుగుదారిలో ఈ చెరువు ఒడ్డునే చాలామంది పడిపోయారు. ఎంతమంది అన్నదానికి ఒక్కొక్కరు ఒక్కో సంఖ్య చెబుతారట. నేను ఏ సంఖ్యా రాసుకోలేదు.

"లిస్టు కోసమా ఇంత దూరం నడిపించింది?" అన్నారు వియ్యపురాలు.

"అవును నానమ్మా. చూడకుండా రాస్తే తప్పని."

నా చెయ్యి జేబు మీదికి పోయింది. చూడకుండా రాసినవాణ్ణి నేను అక్కడే నిలబడి ఉన్నాను.

అమ్మాయి ఫ్లాస్కు తీసి టీ పోసింది. వియ్యపురాలు కప్పు పట్టుకుని చెరువు అవతలి కొండ వైపు చూస్తూ ఉండిపోయారు. అప్పుడే ఎండ వచ్చి వాలుగా పడింది. ఆవిడ కప్పు కారు మీద పెట్టేశారు.

"అన్నయ్యగారూ, అటు చూడండి. అవి సాళ్ళు గదా?"

నాకు మొదట కొండే కనపడింది. తర్వాత గడ్డి కింద గీతలు కనపడ్డాయి. దువ్వెన పెట్టినట్టు, పై నుంచి కిందికి, ఒకదాని పక్కన ఒకటి. అవి ఆ రోజుల్లో బంగాళాదుంప వేసిన గట్లని మనవరాలు చెప్పింది. మట్టి ఎత్తుగా పోసి దుంప నాటేవాళ్ళట. మనుషులు పోయాక మళ్ళీ ఎవరూ దున్నలేదు కాబట్టి అలాగే నిలిచిపోయాయి.

రోడ్డు ఇవతల కూడా కొన్ని ఉన్నాయి. ఆవిడ చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి, షూసుతోనే గడ్డిలోకి దిగారు. అమ్మాయి, మనవరాలు కారు దగ్గరే ఉన్నారు, నేను ఒక్కణ్ణే ఆవిడ వెనక వెళ్ళాను. నేల మెత్తగా దిగబడుతోంది. ఆవిడ ఒక గట్టు మీద నిలబడి అవతలి గట్టు మీదికి అడుగు వేశారు.

"రెండడుగులకొకటి. మనిషి నడుమ నిలబడి రెండు పక్కలా పని జేసుకునేంత జాగా పెట్టినారు," అన్నారు. "ఇల్లు కూలిపోయినా సాలు పోలేదు చూడండి."

కాస్త దూరంలో మూడు వైపులా మోకాలెత్తు రాళ్ళు మిగిలి ఉన్నాయి. ఇల్లే అయి ఉండాలి. ఆవిడ దాని మూల నుంచి మూలకు అడుగులు వేసి లెక్కపెట్టారు. నేను అలవాటు కొద్దీ నోట్‌బుక్ తీశాను, రాయలేదు.

"మా ఊర్లో గూడా ఎండాకాలం నీళ్ళు దిగితే పునాదులు తేలుతాయి," అన్నారావిడ. "ఏడేండ్ల కింద పోయినా. బురద ఎండి పలకలు పలకలుగా ఉండె. మా ఇంటి పునాది మీద ఇట్లనే నడిచి లెక్క పెట్టినా. తొమ్మిది. మా నాయన అబద్ధం చెప్పలేదు. ఆ పొద్దే అనుకున్నా, చిన్నాయన మొగం ఇంగ జన్మలో చూడనని."

ఇంక ఆగితే కాగితం ఎప్పటికీ బయటికి రాదనిపించింది.

"చెల్లెమ్మా, తొమ్మిదిని ఏడు చేసింది మీ చిన్నాన్నగారు కాదు. నేను."

ఆవిడ నా వైపు తిరిగారు. నేను కాగితం మడతలు విప్పి చదివాను. గొంతు మామూలుగానే ఉంచాను. చదివాక దూలాల మొనల సంగతి చెప్పాను. మళ్ళీ వెళ్ళి కొలవాల్సింది, వెళ్ళలేదని చెప్పాను. ఆ సంతకం పెట్టినాయన ఏడు అనలేదు, తొమ్మిది అనలేదు, నేను చూపించినచోట పెట్టాడంతే, అని కూడా చెప్పాను. క్షమించమని అడగలేదు. ఆ మాట నాకు తేలిగ్గా, ఆవిడకు బరువుగా ఉంటుందనిపించింది.

ఆవిడ రాళ్ళ మూల దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. తర్వాత అడిగారు.

"గడ్డివామి యా పక్క అని రాసినారు?"

"దక్షిణం."

"దక్షిణమే," అన్నారు. మళ్ళీ మెల్లగా, "ఔ. దక్షిణమే."

అంతే. గడ్డి దాటి కారు దగ్గరికి వెళ్ళిపోయారు.

పులిహోర పొట్లాలు కార్లోనే విప్పాం. ఆవిడ నాతో నేరుగా మాట్లాడలేదు. "మీ తాతయ్యకు నీళ్ళు కావాల్నేమో అడుగు," అన్నారు మనవరాలితో. "మీ తాతయ్యకు అప్పడం ఇయ్యి." అన్నయ్యగారు అన్న మాట పోయింది. మనవరాలు మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఆర్ యూ టూ గ్రాండ్?" అంది. ఇక్కడివాళ్ళ మాటలో గ్రాండ్ అంటే బాగానే ఉండడం. "గ్రాండే," అన్నారావిడ, కిటికీ వైపు తిరిగి.

అమ్మాయికి అద్దంలో అంతా కనపడుతోంది. ఇల్లు చేరాక, వంటింట్లో నేను ఒక్కణ్ణే ఉన్నప్పుడు అడిగింది. చెప్పాను.

"అత్తయ్యగారు నన్నేమీ అనరు నాన్నా. అదే కష్టం. ఏమీ అనకుండా నాలుగు రోజులు పప్పులో ఉప్పెక్కువైందంటారు."

ఆ పూట ఆవిడ భోజనానికి రాలేదు. తలనొప్పి అన్నారు. మా ఆవిడ పళ్ళెంలో మజ్జిగన్నం పెట్టి తీసుకెళ్ళింది, ఖాళీ పళ్ళెంతో తిరిగి వచ్చింది. "తిన్నది. ఇంకేం అడగకండి," అంది. నేను ఆనాటి డైరీ పూర్తిచేశాను. లోయ, రాయి, సాళ్ళు, గొర్రెలు, మొత్తం అయిదుసార్లు. చివర "చెప్పాను" అని రాసి ఆపేశాను.

మర్నాడు ఆదివారం. అయిదింటికే వెలుగొచ్చేసింది. అయిదున్నరకు నేను వంటింటి బల్ల దగ్గర కాఫీ పెట్టుకుని కూర్చున్నాను. ఇండియాలో అప్పుడు పది గంటలు. మెట్ల మీద చప్పుడైంది. వియ్యపురాలు స్నానం చేసి, బొట్టు పెట్టుకుని దిగారు. చేతిలో ఫోను. నా ఎదురు కుర్చీలో కూర్చున్నారు.

"ఆ పుస్తకం యాడుంది?"

"ఏ పుస్తకం?"

"మళ్ళీ రాసుకున్న కాగితం గాదు. అప్పటిది."

పైకి వెళ్ళి 1976 డైరీ తెచ్చాను. అట్ట ఊడొచ్చింది, దారం కట్టి ఉంది. పేజీ తీసి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ఒక్కో అక్షరం చదివారు. తర్వాత ఫోనులో ఒక నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, బల్ల మధ్యలో ఉంచారు. అది చిన్నాన్నగారి మనవడి నంబరని తర్వాత చెప్పారు. అటువైపు ఒక కుర్రాడి గొంతు, తర్వాత ఫోను చేతులు మారిన చప్పుడు, తర్వాత దగ్గు.

"ఎవరు?"

ఆవిడ డైరీ నా ముందుకు జరిపారు. నా వైపు చూసి, "చదవండి అన్నయ్యగారూ," అన్నారు.

నేను ఎవరో చెప్పుకుని, చదివాను. రెండుసార్లు చదవాల్సి వచ్చింది. పెద్దాయనకు చెవులు తగ్గాయి. రెండోసారి అయ్యాక అటు నుంచి మళ్ళీ దగ్గు వినపడింది.

"ఆ వామి నేనేసిందే," అన్నారు పెద్దాయన. "ఆ ఏడు జొన్న బాగా పండె. పక్కన యావరమ్మా, పెద్దోడి బిడ్డేనా?"

"నేనే చిన్నాయనా."

"ఏడవాకు. ఏడుస్తుండావా?"

"లేదు," అన్నారావిడ, ఏడుస్తూ. "మా నాయన తొమ్మిదని చెబుతానే పోయినాడు. ఏడు ఎవరు రాసిందీ ఆయనకు తెలియకనే పోయినాడు."

"తొమ్మిదా? తొమ్మిదెట్లయితాది? తొమ్మిదిన్నర. వాకిలి పక్క పంచ మర్చిపోతివా?"

"పంచ అంకణంలోకి రాదు చిన్నాయనా."

"ఎందుకు రాదు? దానికీ దూలం లేదా?"

"అది దూలమా! మామిడి కొయ్య. వాన కురిస్తే మీద పడుతుందని జేజి మమ్మల్ని ఆడ పండుకోనిచ్చేది గాదు."

"మీ జేజికి అన్నీ భయమే. ఆ సార్‌ను రాసుకోమను, తొమ్మిదిన్నర."

"తొమ్మిదే."

మెట్ల దగ్గర మా ఆవిడ, అమ్మాయి నిలబడి ఉన్నారు. ఎప్పుడు దిగారో నేను చూడలేదు. నేను పెన్ను మూత తీసి, డైరీలో "ఏడు" మీద ఒక గీత గీశాను. పక్కన ఏం వేయాలో వాళ్ళిద్దరూ తేల్చేదాకా ఆగాను. కాఫీ చల్లారింది. వాళ్ళింకా పంచ దగ్గరే ఉన్నారు.